నిద్రకు మార్కులు

సూరత్‌లో గోడాదరా, లింబాయత్, పర్వత్ పాటియా వైపు తెలుగు వాడల్లో పొద్దున ఏడింటికి వచ్చి చూడండి. సగం వాడ పళ్లు తోముకుంటుంటుంది, సగం వాడ పడక వేసుకుంటుంటుంది. సిరిసిల్ల, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచెలను, అంటే మరమగ్గాలను, నమ్ముకుని వచ్చినవాళ్లం. పన్నెండు గంటల పాళీ. దినం పాళీ, రాత్రి పాళీ మారుతూ ఉంటాయి. ఒంటికి ఒక లెక్క అలవాటయ్యేలోగా రెండో లెక్క వచ్చిపడుతుంది. పిల్లలు బడికి, ఆడవాళ్లు కూరగాయలకు బయలుదేరే వేళకు మేం కళ్లు మూసుకోవాలి. మూసుకుంటాం సరే, నిద్ర రావద్దూ?

నాకు రాలేదు. ఇంట్లో అడగలేదు, డాక్టరును అడగలేదు. ఫోనును అడిగాను. మీరైనా అంతే చేసి ఉంటారు, నాకు తెలుసు.

నిద్ర యాప్‌లు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. వాన చప్పుడు వినిపించేవి, కథలు చెప్పేవి, ఊపిరి లెక్కపెట్టించేవి, గురక రికార్డు చేసేవి. ఉచితంగా వచ్చేవాటిని ఎడంచేత్తో పక్కకు నెట్టాను. పైసలు తీసుకోనిది ఏం పనిచేస్తుందని నా నమ్మకం. నీలం రంగు, నెలవంక, నిండా చుక్కలున్నదాన్ని పట్టుకుని ఏడాది చందా కట్టేశాను. చుక్కలకు మించి నన్ను లాగింది ఇంకొకటుంది. ఆ యాప్ నిద్రకు నూటికి మార్కులు వేస్తుంది. బడిలో ఏనాడూ కంటపడని మార్కులు మంచం మీద పడుకుని తెచ్చుకోవచ్చంటే ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి!

ధ్యానం కోసం అందులో ఒక దొరగారి గొంతు ఉండేది. నెమ్మదిగా, తేనె పోసినట్టు ఇంగ్లిషులో చెప్పేవాడు. ఒక్కో మాటకు అర్థం వెతుక్కోవడానికి నేను ఒళ్లంతా చెవులు చేసుకునేవాణ్ని. వచ్చే కునుకు కూడా ఆ వెతుకులాటలో ఎగిరిపోయేది. అయినా మార్కులు మాత్రం బాగానే పడేవి. ఒకరోజు కంటిమీద కునుకు లేకుండా, పిల్ల ఫీజు గురించి ఆలోచిస్తూ, కొయ్యలా కదలకుండా పడుకున్నాను. 86 వచ్చాయి. హాయిగా నిద్రపోయిన రోజేమో చిన్నది మంచమెక్కి గంతులేసింది, మార్కులు పాతాళానికి పోయాయి.

ఇందులో వింతేమీ లేదని తర్వాత తెలిసింది. నిద్రను సరిగ్గా కొలవాలంటే ఆసుపత్రిలో తలకు తీగలు అంటించి మెదడు అలలు చూస్తారు. కళ్ల కదలిక, గడ్డం కింద కండ బిగువు, ఊపిరి చూస్తారు. దిండు పక్కనున్న ఫోనుకు అందేది పరుపు కదలిక, గదిలో చప్పుడు, అంతే. కదలకపోతే నిద్ర అనుకుంటుంది. 2017లో అమెరికా పరిశోధకులు కొందరు ఇలా లెక్కల వెంటపడి ఉన్న నిద్ర పాడుచేసుకునేవాళ్ల గురించి రాసి, ఆ తీరుకు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. అంటే సముద్రాల అవతల కూడా నాలాంటివాళ్లున్నారు. ఆ సంగతి చదివినప్పుడు మనసు కొంచెం తేలికపడింది.

ఇక ఒక పొద్దున జరిగిన సంగతి. పాళీ దిగి అందరం చాయ్ బండి దగ్గర చేరాం. చేతిలో రెండో గ్లాసు. నిద్ర పట్టడం లేదని ఒక కుర్రాడు మొహం వేలాడేసుకుని అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? ఫోను తీశాను, మార్కులు చూపించాను, గాఢనిద్ర అంటే ఏమిటో గాఢంగా చెప్పాను, అందరూ మూగారు, నిద్రలో మన చప్పుళ్లన్నీ ఇది పట్టేస్తుందిరా, వినండి అని శబ్దం పెంచి నిన్నటి రికార్డు నొక్కాను, గురక వస్తుందనుకున్నాను, మా ఆవిడ గొంతు వచ్చింది, సిరిసిల్లలో ఉన్న వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడుతోంది: “ఏం జెప్పాలె అక్కా! నిద్రకు గూడ పైసలు కట్టిండు. పాళీ దిగంగనే బండికాడ రెండు చాయలు తాగి వస్తడు. కిటికీ బార్లా తెరుస్తడు. గంటసేపు ఫోన్ల మార్కులు జూసుకుంటడు. ఇగ నిద్రెట్ల వస్తది?”

గ్లాసు నా చేతిలోనే ఉంది. “మామా, చల్లారుతుంది, తాగు” అన్నాడు ఆ కుర్రాడు.

వాళ్లు నవ్విన దానికి నాకు బాధ లేదు. ఒకే గదిలో ఉంటూ, నా నిద్ర ఎందుకు చెడుతోందో ఇంత కచ్చితంగా తెలిసిన మనిషిని ఒక్క మాట అడగలేదే అని బాధపడ్డాను. ఎందుకంటే ఆమె చెప్పిన మూడూ నిజాలే. తాగిన చాయ్‌లోని కెఫీన్ అయిదారు గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. వెలుతురు సంగతి ఇంకా పెద్దది. మెదడులో ఒక గడియారం ఉంది, కళ్లలో పడే వెలుగును బట్టి అది సర్దుకుంటుంది. ఒంట్లో ఇలాంటి గడియారం ఎలా నడుస్తుందో ఈగల్లో కనిపెట్టినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. పొద్దుటి ఎండ మొహాన పడేలా నడిచి వచ్చి, కిటికీ తెరిచి, ఫోను కళ్ల ముందు పెట్టుకుంటే ఆ గడియారం నన్ను లేచి పనికి పొమ్మనే అంటుంది. నేను డబ్బు కట్టిన యాప్ అయితే పగటి నిద్రను ఎప్పుడూ కునుకనే రాసుకునేది. రాత్రి పదింటికి దీపం ఆర్పేవాళ్ల కోసం చేసినది అది. మా పాళీ దానికి తెలియదు.

ఆ ఆదివారం మా ఆవిడ నల్ల అస్తరు గుడ్డ రెండు పొరలు వేసి కిటికీకి పరదా కుట్టింది. చీరల ఊళ్లో ఉంటూ ఒక్క పొర పాలిస్టర్ ఎండను ఆపదని నాకు తట్టనే లేదు. ఆమె వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, అవతల వేళ్లు కనిపించాయని రెండో పొర వేసింది. చాయ్ పాళీ మొదట్లోకి మార్చాను. ఫోను వంటింట్లో పడుకుంటోంది.

యాప్‌లన్నీ పనికిరావని నేను అనను. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకు మాత్రలకన్నా ముందు అలవాట్లను, ఆలోచనలను సరిచేసే చికిత్స ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి చెప్పింది. ఆ చికిత్సకు తోడుగా అక్కడి మాజీ సైనికుల శాఖ చేసిన సీబీటీ-ఐ కోచ్ అనే యాప్ ఉచితం. నేను ఎడంచేత్తో నెట్టింది అలాంటివాటినే! అయితే అది ఇంగ్లిషులో ఉంది. మా వాడల్లో మునిసిపల్ తెలుగు బడిలో చదివిన కుర్రాడికి తెలుగులో అడిగే యాప్ కావాలి, పాళీ మారినప్పుడు ఏం చేయాలో చెప్పే యాప్ కావాలి. ఎవరైనా చేస్తే మొదటి చందా నేనే కడతాను.

ఇప్పుడు కుర్రాళ్లు ఏ యాప్ పెట్టుకోమంటావు మామా అని వస్తే, ముందు ఆఖరి చాయ్ ఎప్పుడు తాగావు, కిటికీ ఎటుంది అని అడుగుతున్నాను. ఇంట్లోవాళ్లు ఏమంటున్నారో అడిగి రమ్మంటున్నాను. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నాడని వాళ్లు చెబితే నేరుగా డాక్టరు దగ్గరికే. దిగులుతో నిద్ర పట్టనివాడికి మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 రాసిస్తున్నాను. కాల్‌కు పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చు.