చెక్ ట్రే

ఉదయం వేసిన మేత ట్రేలో అలాగే ఉంది.

బాబాయ్ తాడు పట్టి చెక్ ట్రేని పైకి లాగాడు. నీళ్ళు కారిపోయాక గట్టు మీద పెట్టి వేలితో కెలికాడు. గుళికలు నాని ఉబ్బి ఉన్నాయి. ముందురోజు ఇదే ట్రే రెండు గంటల్లో కడిగినట్టు ఖాళీ అయింది. 55 రోజుల పంట. వనామి రొయ్య కిలోకు 100 కౌంటుకు దగ్గర పడింది.

“అంచులు పట్టాయిరా,” అన్నాడు.

మూలన నాలుగు రొయ్యలు గట్టుకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. మా నీడ పడినా కదల్లేదు. వంగి చేత్తోనే ఒకదాన్ని తీశాను. ఒళ్ళు ఎర్రబారింది. తల మీది డిప్ప ఒలిచి ఎండకు పట్టి చూస్తే సుద్దతో చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు. వనామికి మచ్చలు ఎప్పుడూ ఇంత స్పష్టంగా కనిపించవు. ఆ రోజు కనిపించాయి.

ఆ చెరువులోకి వైరస్ దూరడానికి సందు లేదని ఊళ్ళో అనేవాళ్ళు. చుట్టూ పీతలు రాకుండా వల. పైన కాకులు, కొంగలు వాలకుండా తాళ్ళు. గేటు దగ్గర పర్మాంగనేట్ తొట్టి. అందులో కాళ్ళు ముంచనిదే సొంత అల్లుణ్ణి కూడా గట్టు ఎక్కనిచ్చేవాడు కాదు. పరీక్ష చేయించకుండా సీడు వదిలేవాడు కాదు. నీళ్ళు మాత్రం అందరూ తోడుకునే ఉప్పుటేరువే. కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఏరు అది. మాఘమాసం నాటికి పైనుంచి వచ్చే ప్రవాహం సన్నబడుతుంది. పోటు వేళ సముద్రపు నీరు ఏటిలోకి ఎక్కుతుంది. ఉప్పు తగిలిన ఆ నీటి కోసం బాబాయ్ పంచాంగం చూసుకుని మోటారు వేసేవాడు.

తెల్లమచ్చ ఆయనకు కొత్త కాదు. 1994లో అది మన దేశంలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ఆయన టైగర్ రొయ్యను వారంలో తుడిచిపెట్టింది. ఎగువ రైతొకాయన, రొయ్య చచ్చిన చెరువు నీళ్ళను రాత్రికి రాత్రి ఏట్లోకి వదిలేశాడని తర్వాత తెలిసింది. బాబాయ్ రెండెకరాలు అమ్మి అప్పు తీర్చాడు. ఆ రైతుతో 30 ఏళ్ళుగా మాట్లాడడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పంక్తి మార్చి కూర్చుంటాడు.

రొయ్యల ఈత కాళ్ళు కత్తిరించి ఆల్కహాల్ సీసాలో వేసుకున్నాను. భీమవరంలో నేను చేసే ల్యాబ్‌లో పీసీఆర్‌కు సగం రోజు పడుతుంది.

“చేపలకు సూదులేస్తారని చెప్పావు కదరా. దీనికి లేదా?” అన్నాడు.

ఎప్పుడో నేను చెప్పిన మాటే. నార్వేలో సాల్మన్ పిల్లల్ని సముద్రంలోకి వదిలే ముందు మత్తిచ్చి, ఒక్కొక్కదానికీ పొట్టలో టీకా వేస్తారు. ఆ చేప ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. చల్లటి నీళ్ళు కాబట్టి అందుకు వారాలు పడుతుంది. ఒకసారి ఎరిగిన వైరస్‌ను మాత్రం ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. రొయ్య యాంటీబాడీలు తయారుచేసుకోలేదు. ఆ గుర్తు దానికి లేదు. అందుకే టీకా లేదు.

“గుర్తు ఉన్న చేపలకూ తప్పలేదు బాబాయ్,” అన్నాను. “2007లో చిలీ సాల్మన్‌కి రక్తహీనత తెచ్చే వైరస్ సోకింది. పంజరాలకు పంజరాలు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత అక్కడ ఒకే నీళ్ళలో పెంచేవాళ్ళందర్నీ ఒక పేట కింద కట్టారు. చేప వేసినా పేటంతా ఒకేసారి, ఖాళీ పెట్టినా ఒకేసారి.”

బాబాయ్ విన్నాడో లేదో. ట్రేలో మిగిలిన మేతనే చూస్తున్నాడు.

మధ్యాహ్నానికి వైరస్ ఉన్నట్టు జెల్ మీద గీత పడింది. రిపోర్టు కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ చెరువు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే వలవాళ్ళు దిగారు. ఈ వైరస్ మనుషులకు అంటదు కాబట్టి దొరికినంత వరకూ అమ్ముకోవచ్చు. చీకటి పడేలోగా బాబాయ్ ఐసు కొట్టించి, ట్రేలు వ్యానుకెత్తించాడు. వచ్చిన డబ్బు మేత బాకీకి కూడా చాలదు. వ్యాను వెళ్ళేదాకా బాబాయ్ ఒక్క మాట మాట్లాడలేదు.

చెరువులో ఇంకా నాలుగడుగుల నీళ్ళున్నాయి. వలకు దొరకని రొయ్యలు అడుగున చస్తున్నాయి.

నేను లెక్క వేసి చెప్పాను. రెండెకరాలు, నాలుగడుగుల లోతు, సుమారు 10 వేల టన్నుల నీరు. పది లక్షల పాళ్ళకు 60 పాళ్ళ చొప్పున 600 కిలోల బ్లీచింగ్ పడుతుంది. 25 కిలోల బస్తాలు 24. చల్లి, వారం రోజులు నీళ్ళు కదలకుండా కట్టిపెట్టాలి. ఆ తర్వాతే తూము.

“చచ్చిన చెరువుకి 24 బస్తాలా?” అన్నాడు. “వారం కట్టిపెడితే చెరువు ఎండేదెప్పుడు, దున్నేదెప్పుడు, మళ్ళీ సీడు వదిలేదెప్పుడురా?”

“బాబాయ్, అప్పుడు ఆయన చేసిందీ ఇదే కదా.”

ఆ మాటకు నా వైపు తిరిగాడు. కోపం లేదు. ఆలోచించి పెట్టుకున్నవాడిలా నిదానంగా చెప్పాడు.

“వాడు ఎగువ నుంచి నా నెత్తిన వదిలాడు. నా కింద రెండు కిలోమీటర్ల దాకా చెరువుల్లేవు, మడ అడవే. చెల్లి చెరువు ఎగువనుంది. అది చూసుకోకుండా వదుల్తానట్రా?”

చెల్లి అంటే ఆయన కూతురు. పెళ్ళిలో పసుపుకుంకుమ కింద ఎకరన్నర చెరువు రాసిచ్చాడు. ఏటి వెంట కిలోమీటరున్నర పైకి వెళితే ఉంటుంది. అల్లుడికి వ్యవసాయం తెలియదు. మేత వెయ్యడం, ట్రే చూడడం, ఏరేటర్లు తిప్పడం అన్నీ తనే. ఏ అనుమానం వచ్చినా మొదటి ఫోను నాన్నకే.

“ఈ సంగతి ఎక్కడా అనకు,” అన్నాడు బాబాయ్. “పొక్కిందంటే మేత షాపువాడు రేపు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఆడపిల్లతోనూ అనకు. ఊరికే బెంగపెట్టుకుంటుంది.”

అనను అన్నాను.

త్రయోదశి వెన్నెల. టార్చి అక్కర్లేకపోయింది. రాత్రి పది దాటాక పోటు తిరిగింది. ఏటి నీళ్ళు సముద్రం వైపు లాగడం మొదలయ్యేదాకా ఆగి, బాబాయ్ తూములో చెక్కలు ఒక్కొక్కటే పైకి తీశాడు. నాలుగో చెక్క బిగుసుకుపోయింది. ఒక్కడి వల్ల కాలేదు. “ఒక చెయ్యి వెయ్యరా,” అన్నాడు. వేశాను.

నీళ్ళు నురగతో దూకాయి. వాటితోపాటే కొన ఊపిరితో ఉన్న రొయ్యలు వెన్నెల్లో తళుక్కుమంటూ ఏట్లోకి జారిపోయాయి. తెల్లవారుజాముకు చెరువు అడుగు కనిపించింది. గేటు దాటేటప్పుడు బాబాయ్ ఆగి తొట్టిలో కాళ్ళు ముంచాడు. నేనూ ముంచాను.

మాఘ పౌర్ణమి వెళ్ళింది. చెరువు ఎండి నెర్రెలిచ్చింది. తొమ్మిదో రోజున మట్టి చూసి పొమ్మని కబురు చేస్తే వెళ్ళాను. బాబాయ్ తలకు తువ్వాలు చుట్టుకుని అడుగున సున్నం చల్లిస్తున్నాడు. మనిషి తేరుకున్నాడు. ఈసారి గట్టు ఇంకో అడుగు పెంచుతానన్నాడు. పీతల వల కొత్తది తెప్పించానన్నాడు. ఆర్డరిచ్చిన సీడు పరీక్షకు ఎప్పుడు పంపమంటావని అడిగాడు.

ఫోను మోగింది. చేతులకు సున్నం. “చూడరా ఎవరో,” అన్నాడు. చెల్లి. స్పీకరు నొక్కి ఆయన ముందు పెట్టాను.

“చెప్పమ్మా,” అన్నాడు నవ్వుతూ.

“నాన్నా, మొన్న పౌర్ణమి పోటుకి ఏరు నిండా ఎక్కితే, నువ్వు చెప్పినట్టే మోటారు వేసి రాత్రంతా నీళ్ళు పెట్టాను. నిన్నటిదాకా బాగానే ఉన్నాయి. ఇవాళ పొద్దున వేసిన మేత ట్రేలో అలాగే ఉంది.”