రూలు తెలుసు, గోలే తెలియదు

హైదరాబాద్ లాలాపేట్‌లో పిల్లల ఫుట్‌బాల్‌కు రూల్‌బుక్ అక్కర్లేదు. బంతి ఎవరిదైతే ఫ్రీ కిక్ వాళ్లకే. పెద్ద లీగుల్లో అంత స్పష్టత ఎక్కడిది!

2023 మార్చి 3న బెంగళూరులో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) నాకౌట్. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేరళ బ్లాస్టర్స్ వాళ్లు ఇంకా గోడ సర్దుకుంటుండగానే బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీ కిక్ కొట్టేశాడు. గోల్! రిఫరీ ప్రత్యేకంగా ఆగమంటే తప్ప విజిల్ కోసం ఎదురుచూడాలని నిబంధనల్లో లేదు. కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ భాష్యం వేరు. జట్టును వెంటబెట్టుకుని వెళ్లిపోయారు. ఆ భాష్యం ఖరీదు క్లబ్బుకు 4 కోట్ల జరిమానా, ఆయనకు 10 మ్యాచ్‌ల నిషేధం.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ అలా అలిగి వెళ్లలేదు. బుద్ధిగా గోడ కట్టింది, బుద్ధిగా గోల్స్ తింది. 2022లో కప్పు ఎత్తిన ఈ క్లబ్ 2023-24లో 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే, తిన్న గోల్స్ 43. కుర్రాళ్లను అనడానికేం లేదు లెండి, ఉన్నంతలో పరిగెత్తారు. అప్పటి యాజమాన్యానికే ఒక్క రూలు కొరుకుడు పడలేదు: ఆడినవాళ్లకు జీతమివ్వాలని. బకాయిలు పేరుకుంటే కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా అడ్డం పడింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానమెక్కారు.

యజమానులు మారిన ఆ క్లబ్బే 2025లో ఢిల్లీ చేరి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఫ్రీ కిక్‌కు 9.15 మీటర్లు జరగాలని రూలుంటే, వీళ్లు దాదాపు 1,500 కిలోమీటర్లు జరిగారు.