తూనికలు, కొలతల శాఖ వారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

మిఠాయిని అట్టపెట్టెతో కలిపి తూచినందుకు మీ ఇన్‌స్పెక్టర్లు దుకాణాల మీద కేసులు రాస్తుంటారని పేపర్లలో చదువుతుంటాం. అదే చేత్తో మా ఈ-రీడర్లను కూడా ఒకసారి తనిఖీ చేయ ప్రార్థన.

డబ్బా మీద 16 జీబీ అని ఉంటుంది. తయారీదారుడి గిగాబైటుకు వంద కోట్ల బైట్లు. 1024 లెక్కన కొలిచే కంప్యూటరుకు అదే సరుకు 14.9గా తేలుతుంది. ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్ తన వాటా తాను ఉంచుకుంటుంది. పోనీ, ఇది పాత తగువు. 2007 నాటి మొదటి కిండిల్‌లో ఉన్నది 250 మెగాబైట్లే. అయినా రెండొందల పుస్తకాలు పడతాయన్నారు, పైగా ఎస్‌డీ కార్డు పెట్టుకునే సందు ఒకటి ఇచ్చారు. 2009లో రెండో కిండిల్ వచ్చేసరికి ఆ సందు మూసేశారు.

అసలు ఫిర్యాదు తెలుగు పుస్తకం బరువు గురించి. తప్పు మా లిపిదేనని కొందరంటారు. కొంత నిజమే. కంప్యూటరు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. మనకు హల్లుకూ, పొల్లుకూ, గుణింతపు గుర్తుకూ మూడేసి కావాలి. 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు! అయినా మూడొందల పేజీల నవలంతా టైపు చేస్తే ఒక మెగాబైటు దరిదాపుల్లో ఉంటుంది. ఈ-పుస్తకపు ఈపబ్ ఫైలంటే లోపల జిప్ మూటే కనక ఇంకా తగ్గుతుంది.

మరి నెట్‌లో దొరికే పాత నవల 80 మెగాబైట్లు ఎలా తూగుతోంది? అందులో ఉన్నవి అక్షరాలు కావు, ఫొటోలు. లైబ్రరీ ముద్ర, పురుగు కొట్టిన కన్నాలు, పసుపెక్కిన అంచులు, ఒక్కోసారి స్కాన్ చేసినాయన బొటనవేలు. ఆ వేలి బరువు కూడా మేమే మోయాలి. మోసినా సుఖం లేదు. ఆరంగుళాల తెర మీద అక్షరం పెద్దది చేస్తే వాక్యం సగం పక్కకు పారిపోతుంది, వెతికితే మాట దొరకదు. కొత్త పుస్తకాలకూ ఈ జబ్బు ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చినదాన్ని యూనికోడ్‌లోకి మార్చి ప్రూఫు దిద్దే ఓపిక ఎవరికీ లేదు, పేజీని బొమ్మ చేసి పడేస్తారు. ఈ బరువు రచయిత జేబుకూ తగలవచ్చు. అమెజాన్ 70 శాతం రాయల్టీ పథకంలో మన దేశపు అమ్మకాలకు మెగాబైటుకు 7 రూపాయలు డెలివరీ ఖర్చు కింద కోస్తారు.

కనక ప్రతి ఈ-పుస్తకం మీదా నికర బరువు వేయించండి: అక్షరాలు ఇంత, బొమ్మలు ఇంత, వేళ్లు ఇంత.

జవాబు దయచేసి టైపు చేసి పంపండి. సంతకం, సీలు వేసి స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే నా రీడర్లో చోటు లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు