ఎక్కడికీ వెళ్ళని నడక

నార్తాంప్టన్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

చాతం మావయ్యా, అత్తా,

అక్కడ నువ్వూ, అత్తా, చాతం బ్రిడ్జీ క్షేమమని తలుస్తాను. మీ అండమాన్ పోర్ట్‌బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు కాబట్టి కవరు మీద రెండు పేర్లూ రాస్తున్నాను. ఏదో ఒకదానికి పోస్టుమేను పలుకుతాడు.

ఫోన్లో నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పేలోగానే ఫోను అత్తకిచ్చేశావు. "ఆదివారం ఏటి చేస్తన్నావే?" అన్నావు, నడకకెళ్తున్నానన్నాను. "ఎక్కడికి?" అన్నావు, ఎక్కడికీ కాదన్నాను. "వారమంతా వార్డులో నడిచి, సెలవు రోజున ఊరికే నడవడమేటి? ఆ పిల్లకి ఒంట్లో బాగుందో లేదో కనుక్కో" అని నువ్వు అత్తతో అనడం నాకు వినబడింది. ఒంట్లో బాగానే ఉంది మావయ్యా. ఈ దేశంలో ఇదొక పెద్ద వ్యవహారం. వివరంగా రాస్తున్నాను, సాయంత్రం బ్రిడ్జి మీద నీ జట్టుకి చదివి వినిపించు.

ముందు దారి సంగతి. ఇక్కడ పల్లెల్లో పొలాల మధ్య నుంచి నడిచే హక్కు జనానికి చట్టప్రకారం ఉంది. పొలం రైతుది, కంచె రైతుది, గోధుమ రైతుది. మధ్యలో కాలిబాట మీద నడక మాత్రం అందరిదీ. దున్నేటప్పుడు బాట చెరిగిపోతే 14 రోజుల్లో రైతే మళ్ళీ సరిచేసి పెట్టాలి. మన శ్రీకాకుళంలో ఒకడి చేనుకి అడ్డంపడి నడిస్తే సాయంత్రానికి మూడు తరాల సరిహద్దు తగాదా రచ్చబండ ఎక్కుతుంది. ఇక్కడేమో కంచె దాటడానికి చెక్కమెట్లు కట్టి, గుంజకి పసుపుపచ్చ బాణం గుర్తు కొట్టి, ఇటు దయచేయండి అంటారు. మొదట్లో నేను చేను గట్టున నిలబడి, ఆసామీ కర్ర పట్టుకుని వస్తాడేమోనని అటూ ఇటూ చూసేదాన్ని. ట్రాక్టరు మీద వచ్చినాయన చెయ్యూపి పోయాడు.

ఇది వీళ్ళకేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదులే. 1932లో మాంచెస్టరు వైపు కుర్రాళ్ళు వందల మంది, పెద్దింటివాళ్ళు పక్షుల వేట కోసం అట్టేపెట్టుకున్న కిండర్ స్కౌట్ అనే కొండ మీదకి జబర్దస్తీగా నడిచెళ్ళారు. ఆ గొడవలో అయిదుగురికి జైలు పడింది. సరిగ్గా అదే ఏడాది మన సెల్యులార్ జైలుకి రాజకీయ ఖైదీలను మళ్ళీ పంపడం మొదలెట్టారు. అంటే అప్పటి దొరతనానికి జనం సొంత కాళ్ళ మీద నడవడం అక్కడా గిట్టలేదు, ఇక్కడా గిట్టలేదు. ఈ బాటలన్నిటినీ లెక్కగట్టి పటాల్లోకెక్కించాలని చట్టం 1949లో గానీ రాలేదు.

నడకలకి గ్రేడులుంటాయి. నేను వెళ్ళేవన్నీ 'తేలిక' రకం. తేలిక అంటే కొండ ఎక్కక్కర్లేదని, అంతే. చీలమండ దాకా బురదా, దురదగొండి పొదలూ, వానా, పశువులూ లెక్కలోకి రావు. ఓసారి కోడెదూడల మంద మా చుట్టూ చేరింది. మా జట్టులో రిటైరైన పెద్దావిడలు కంగారుపడి కంచె వైపు జరిగారు. నేను అమ్మమ్మ గొంతు అరువు తెచ్చుకుని "హెయ్! హెయ్!" అన్నాను. మంద ఆగిపోయింది. అప్పట్నుంచి జట్టులో పశువుల శాఖ నాకప్పజెప్పారు. ఇన్నేళ్ళ నర్సింగు సర్టిఫికెట్లకి రాని గౌరవం ఆ అరుపుకొచ్చింది.

ఇక అసలు సంగతి, కాలవ. మాకు దగ్గర్లో స్టోక్ బ్రూయెర్న్ అని చిన్న పల్లె ఉంది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా 137 మైళ్ళు పోయే గ్రాండ్ యూనియన్ కాలవ ఆ ఊరి మధ్య నుంచే పోతుంది, అక్కడ ఏడు లాకులెక్కుతుంది. లాకులంటే ఏమిటో అత్తకి చెప్పనక్కర్లేదు, ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన మనిషి. నీకు తెలియకపోతే పక్కనే ఉంది, అడుగు. కాలవ వెంట గట్టు మీద చదునైన బాట ఉంది చూశావూ, అది షికారు కోసం వేసింది కాదు, గుర్రం కోసం వేసింది. బొగ్గు పడవకి తాడు కట్టి, గుర్రాన్ని గట్టు మీద నడిపించి లాగించేవాళ్ళు. ఆ తాళ్ళు ఒరుసుకుని పాత వంతెనల మూలలు గాళ్ళు పడ్డాయి, వేలు పెడితే దిగుతుంది.

ఊరు దాటగానే బ్లిస్‌వర్త్ సొరంగం. కాలవ మొత్తం 1800 నాటికి సిద్ధమైనా ఈ సొరంగం ఒక్కటీ తెమల్లేదు. ఆగలేక కొండ మీద గుర్రాలు లాగే పట్టాల బండి వేసి, ఇటు పడవలో సరుకు దింపి అటు పడవలో ఎక్కించారు. దింపుడూ ఎక్కింపుడూ ఎంత యాతనో నీకు నేను చెప్పాలా! సొరంగం 1805లో తెరిచారు, పొడవు దాదాపు 2,800 మీటర్లు. తీరా చూస్తే లోపల గట్టు బాట లేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించి తీసుకెళ్ళేవాళ్ళు. మరి పడవ? దాని ముక్కు దగ్గర చెరో పక్కకీ పలక వేసి, ఇద్దరు మనుషులు వెల్లకిలా పడుకుని, సొరంగం గోడల మీద కాళ్ళతో నడుస్తూ పడవని ముందుకి తోసేవాళ్ళు. మళ్ళీ చదువు మావయ్యా: పడుకుని, గోడ మీద, కటిక చీకట్లో, నడుస్తూ. ఆ పనికి లైసెన్సు కూడా ఉండేది, జబ్బకి ఇత్తడి పట్టీ కట్టుకునేవాళ్ళు. గుర్రానికి మాత్రం ఆ కాసేపు పైన చల్లగాలి, పచ్చగడ్డి. మనిషి పుట్టుక కన్నా గుర్రం పుట్టుకే నయమనిపించే ఉద్యోగం.

ఆ గుర్రం నడిచిన దారే ఇవాళ మా తేలిక నడక. పొలాల్లో అక్కడక్కడా ఇటుకతో గుండ్రంగా కట్టిన దిమ్మెలు కనిపిస్తాయి, సొరంగానికి గాలి ఇచ్చే బావులవి. వాటి పక్కన కూర్చుని వాళ్ళు శాండ్‌విచ్చీ, నేను పులిహోరా తింటాం.

ఇప్పుడు కాలవలో తిరిగేవి సరుకు పడవలు కావు, షికారు పడవలు. ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు. లోపల వంటిల్లు, పడగ్గది, కప్పు మీద పూలకుండీలు. గంటకి నాలుగు మైళ్ళు దాటి పోకూడదు. కుక్కకి రెయిన్‌కోటు తొడిగి, కర్ర పొడుచుకుంటూ నడిచే ముసలావిడ ఆ పడవని దాటిపోతుంది, ఎవరికీ నామోషీ లేదు. లాకు రాగానే పడవలోంచి డాక్టర్లూ, లాయర్లూ గట్టు మీదకి దూకి, ఇనప హేండిలు తిప్పి నీళ్ళు వదిలి, తలుపు దూలానికి నడుం ఆనించి తోస్తారు. ఒగురుస్తారు. ఆనందిస్తారు. ఈ భాగ్యం కోసం పడవకి వారానికి అద్దె ఎంత కడతారో రాస్తే అత్తకి ఆయాసం వస్తుంది, రాయను. నన్నూ ఓ చెయ్యి వెయ్యమన్నారు. వేస్తూ నిన్ను తలుచుకున్నాను. చాతం రంపపు మిల్లులో నువ్వు దుంగలు దొర్లిస్తూంటే ఎవరో దొరబాబు వచ్చి, "ఎదురు డబ్బులిస్తాం, ఒక దుంగ మమ్మల్ని దొర్లించనివ్వండి" అంటే ఏమనేవాడివి?

నవ్వకు. 1883 నాటి మీ మిల్లు కూడా ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూసే చోటే కదా! రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడ్డ గొయ్యి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారని నువ్వే చెప్పావు. ఇంకొన్నాళ్ళకి రంపం పట్టుకోవడానికి కూడా వరస కడతారు, రేటు ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

నీకు పనికొచ్చే ముక్క ఒకటి. లాకు తలుపులు ఓక్ చెక్కవి, ఒక్కోటీ టన్నుల బరువు. పాతికేళ్ళకి పాడైతే కొత్తవి చేత్తో తయారుచేస్తారు, అందుకు కాలవల సంస్థకి సొంత వర్క్‌షాపులున్నాయి. చలికాలంలో లాకు ఎండగట్టి తలుపులు మారుస్తూంటే, ఆ ఖాళీ గొయ్యిలోకి దిగి చూడటానికి జనం పిల్లాపాపలతో వస్తారు. "పాతికేళ్ళేనా? మా పడాక్ చెక్క అయితేనా..." అని నువ్వు మొదలెడతావని తెలుసు. నీ తరఫున లాకు దగ్గరుండే వాలంటీరు తాతకి నేనే చెప్పాను. పడాక్ అంటే ఏమిటన్నాడు. చాతం చెక్క బకింగ్‌హామ్ పాలెస్‌లో ఉందని నువ్వు చెప్పే కథ పూర్తిగా వినిపించాను. శ్రద్ధగా విని, తలూపి, వాన వచ్చేలా ఉందన్నాడు.

అత్త అడిగిన మొసళ్ళ సంగతి: లేవు. మన క్రీకుల దగ్గరుండే హెచ్చరిక బోర్డులూ లేవు. ఆ లోటు హంసలు తీరుస్తున్నాయి. నలుడికీ దమయంతికీ మధ్య రాయబారం నడిపిన పక్షి కదా అని మర్యాదగా దగ్గరికెళ్ళాను. గూడు కట్టుకునే రోజులట, మెడ చాచి బుసకొట్టింది. పాలనీ నీళ్ళనీ విడదీయడం సంగతి నాకు తెలియదు గానీ, మనిషినీ గట్టునీ చక్కగా విడదీస్తుంది.

అత్తకే ఇంకో మాట. మీ గోదారికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర చివరికి స్థిరపడింది, 1899లో పోయింది ఇక్కడే, లండన్‌కి దక్షిణాన డోర్కింగ్ అనే ఊళ్ళో. సమాధి కూడా అక్కడే. రైళ్ళకన్నా కాలవలే మేలని జీవితాంతం వాదించినాయన సొంత దేశంలో కాలవల వ్యాపారాన్ని రైలే మింగేసింది. మీ గోదారి కాలవలు పడవలనూ మోశాయి, చేలనూ తడిపాయి. ఈ కాలవ ఇంత దూరం వచ్చి దారిలో ఒక్క మడికీ నీళ్ళు పెట్టదు. ఇది చూస్తే అత్త వాళ్ళ నాన్న కాలవ తవ్వినవాడిని పిలిపించి నిలదీసేవాడు.

మే నెలలో మీ ఇద్దరూ తప్పక రావాలి. డోర్కింగ్ తీసుకెళ్తాను. గట్టు మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ "మార్నింగ్" చెప్పడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. అదే మనిషి రేపు టౌనులో కనిపిస్తే మాత్రం పలకరించకూడదు, భయపడతారు. నీకు గంబూట్లు ఇక్కడే కొంటాను. సైజు నోటితో చెప్పకు, కాగితం మీద కాలు పెట్టి అత్త చేత పెన్సిలుతో గీయించి పంపు. కిందటిసారి నువ్వు చెప్పిన సైజుకి కొన్న బూట్లు వేసుకుని మా పక్కింటాయన వాళ్ళ తోటకి నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

మీ మేనకోడలు