స్టాంపు లేని తుపాకి

ఏ లావాదేవీ అయినా కాగితం లేకుండా పూర్తయిందంటే, అది జరగలేదనైనా అర్థం, జరగకూడనిదనైనా అర్థం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జీవితమంతా గడిపి రిటైరైన నాకు గీతోపదేశం ఇదొక్కటే. ఈ సూత్రాన్ని చేతపట్టుకునే నేను అమెరికా టీవీలో తుపాకుల షోలు చూశాను. అందరూ వాటిలో పేలుళ్ళు చూశారు, బేరాలు చూశారు, కుటుంబ కలహాలు చూశారు. నాకు కనిపించింది ఒక్కటే: కౌంటరు మీద పెన్ను లేదు.

అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? కారు లేందే గుమ్మం దాటలేం. అబ్బాయీ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. మిగిలేది మేమిద్దరం, ఒక టీవీ, ఒకే ఒక్క రిమోటు. మా ఆవిడ రిమోటు అందుకుంటే బిగ్‌బాస్. నా వంతు వచ్చినప్పుడు మనవడు యాప్‌లో వెతికి పెట్టిచ్చే పాత షోలు. "తాతయ్యా, నీకు యాక్షన్ ఇష్టం కదా" అంటూ వాడు పెట్టిందే 'అమెరికన్ గన్స్'.

నాకు అంతవరకు తెలిసిన తుపాకులు రెండు రకాలు. మొదటిది సినిమాలో హీరోది, దానికి గుళ్ళు అయిపోవు. రెండోది మా ఊరి బ్యాంకు గేటు దగ్గర గార్డుగారి డబుల్ బ్యారెల్, అది పేలగా ఎవరూ చూడలేదు. లైసెన్సున్న మోతుబర్లు ఒకరిద్దరు ఉండేవారు గానీ, ఎన్నికలు ప్రకటించగానే వాళ్ళు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. ఆ రసీదు మాత్రం నేను చూశాను. చక్కగా ఉంది, సీలు కూడా స్పష్టంగా పడింది.

'అమెరికన్ గన్స్' 2011లో డిస్కవరీ చానల్లో మొదలైంది. కొలరాడో రాష్ట్రంలో వీట్ రిడ్జ్ అనే ఊళ్ళో ఒక తుపాకుల దుకాణం, దాన్ని నడిపే కుటుంబం. ఈ తరహా షోల్లో ఎపిసోడు వరస కాస్త అటూ ఇటూగా ఒకటే. ఒకాయన తాతగారి తుపాకి పట్టుకొస్తాడు. దుకాణదారు దాన్ని తిప్పి తిప్పి చూసి ఒక ధర అంటాడు. వచ్చినాయన దానికి రెట్టింపు అంటాడు. డప్పుల మోత మధ్య బేరం తెగుతుంది, చేతులు కలుస్తాయి. వెనక వర్క్‌షాపులో గడువు ముంచుకొస్తోందని ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకుంటారు. ఆఖర్న అందరూ ఊరి బయటికి వెళ్ళి ఢాంఢాం అని కాల్చి, ఏదో ఒకటి పేల్చి, కౌగలించుకుంటారు.

నేను మధ్యలో ఆపించాను.

"ఏమైంది తాతయ్యా?"

"తాతగారి తుపాకి అన్నాడు కదరా, మరి వారసత్వం కాగితమేది? సాక్షులేరీ? డబ్బు చేతులు మారింది, రసీదు కోశాడా?"

"తాతయ్యా, ఇది షో!"

"షో అయితే రియాలిటీ అని పేరెందుకు పెట్టారు?"

వాడు సమాధానం చెప్పకుండా చిప్సు తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

నా అనుమానం తీర్చినవాడు మా పక్కింటి ముసలాయన. రిటైర్డు లారీ డ్రైవరు, జింకల వేట సరదా ఉన్నవాడు. నేను అడిగిన ప్రశ్నలకి ముచ్చటపడి, నన్ను నిజం తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళాడు. ఏమీ కొనననీ, ఏమీ ముట్టుకోననీ, ఎవరితోనూ రాజకీయాలు మాట్లాడననీ మా అబ్బాయి నాచేత ముందే ఒట్టు వేయించుకున్నాడు.

లోపల అరుపుల్లేవు, డప్పుల్లేవు. ఒక కుర్రాడు కౌంటరు మీదకి వంగి, నాలుక కొంచెం బయటపెట్టి, గళ్ళల్లో అక్షరాలు నింపుకుంటున్నాడు. దాని పేరు ఫారం 4473. లైసెన్సున్న దుకాణంలో ఎవరు తుపాకి కొన్నా సాధారణంగా అది నింపాల్సిందే. ఈ తుపాకి నిజంగా నీకోసమేనా, ఇంకొకరి కోసమా? మత్తుమందులు వాడతావా? అన్నిటికీ అవుననో కాదనో టిక్కు పెట్టాలి. "నువ్వు చట్టానికి దొరక్కుండా పారిపోతున్నవాడివా?" అని కూడా ఉంది! ఆ గడిలో నిజాయితీగా "అవును" అని టిక్కు పెట్టి, తుపాకి కోసం నిలబడే పరారీ నేరస్థుణ్ణి ఊహించుకుని నేను అక్కడే నవ్వాను. ముసలాయన మాత్రం నవ్వలేదు. అబద్ధం రాసి సంతకం పెడితే అదే ఒక ఫెడరల్ నేరమట. అదీ కాగితం బలం.

గుమస్తా ఫారం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వెనక్కి తోశాడు. ఏ కౌంటీ అని అడిగినచోట కుర్రాడు తొందరలో కంట్రీ అనుకుని 'యు.ఎస్.ఏ.' అని రాశాడు. అమ్మేవాళ్ళకి ఇది రోజూ ఉండే తలనొప్పేనట. కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టించి, తేదీ వేయించాడు. అమెరికా మీద నాకు మనస్ఫూర్తిగా గౌరవం కలిగిన క్షణం అది. ఆ తరవాత ఎఫ్‌బీఐ వాళ్ళ లెక్కల్లో పాత నేరాలేమైనా ఉన్నాయేమో ఆరా తీశారు. ఆ ఏర్పాటు 1998 నుంచీ ఉంది. ఇంత జరిగాక గానీ కుర్రాడి చేతికి పెట్టె రాలేదు.

అసలు ఆశ్చర్యం ఇంకా ముందుంది. మా ముసలాయన ఆ దుకాణానికి వచ్చింది తన సైలెన్సరు సంగతి కనుక్కోవడానికి. డబ్బు ఎప్పుడో కట్టేశాడు. వస్తువు అద్దాల బీరువాలో కనిపిస్తూనే ఉంది. చేతికి మాత్రం ఇవ్వరు. వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, దరఖాస్తు వాషింగ్టన్ వైపు వెళ్ళింది, నెలలు గడుస్తున్నాయి.

"దేనికోసం చూస్తున్నారు?" అన్నాను.

"స్టాంపు కోసం" అన్నాడు.

నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. విడమరిచి చెప్పించుకున్నాను. మెషిన్‌గన్లు, సైలెన్సర్లు లాంటివాటి మీద 1934లో అమెరికా ప్రభుత్వం 200 డాలర్ల పన్ను వేసింది. సైలెన్సర్లకైతే 2025 దాకా, అది కట్టాక మంజూరు కాగితానికి నిజంగానే ఒక స్టాంపు తగిలించేవారు. ఆ రోజుల్లో 200 డాలర్లంటే ఒక మెషిన్‌గన్ ధరకి దీటైన మొత్తం. కొనేవాడు హడలిపోవాలనే అంత పెట్టారు. ఆ తరవాత తొంభై ఏళ్ళపాటు ఆ రేటు ఒక్క సెంటు పెంచలేదు. మార్కెట్ విలువలు సవరించిన ప్రతిసారీ జనం చేత తిట్లు తిన్న శాఖలో పనిచేసినవాణ్ణి, ఈ మాట విని నాకు కడుపు మండింది.

ఇంటికొచ్చి మళ్ళీ షో పెట్టుకున్నాను. అదే సైలెన్సరు. తెరమీద మరలు తిప్పి బిగించడానికి పట్టిన సమయం నాలుగు సెకన్లు. మా ముసలాయన కాచుకుంటున్న ఆ నెలలు ఏమయ్యాయి? కత్తెర కింద పడ్డాయి. ఈ షోల్లో తుపాకి నిజమే, తూటా నిజమే, దుకాణం కూడా నిజమే. కాలం ఒక్కటే కల్తీ.

ఆ కిటుకు తెలిశాక మిగతా షోలన్నీ నాకు సులువుగా అర్థమయ్యాయి. మా కోడలికి ఇష్టమైన 'హౌస్ హంటర్స్' తీసుకోండి. ఓ జంట మూడు ఇళ్ళు చూస్తుంది, గిన్నెలు కడిగే సింకు చిన్నదని పెదవి విరుస్తుంది, చివరికి ఒకటి ఎంచుకుంటుంది. 2012లో అందులో పాల్గొన్న ఒకావిడ అసలు సంగతి బయటపెట్టింది. తాము ఇల్లు కొనడం ఖాయమయ్యాకే షోకి ఎంపిక చేశారట, 'చూసిన' మిగతా ఇళ్ళు స్నేహితులవట, అవి అమ్మకానికే లేవట. పెళ్ళయి పప్పన్నాలు తిన్నాక పెళ్ళిచూపులు ఏర్పాటు చేసి "అమ్మాయి నచ్చిందా?" అని అడిగినట్టు! నిర్మాతలు మాత్రం, కొనుగోలు వ్యవహారం చాలావరకు ముందుకెళ్ళినవాళ్ళనే తీసుకుంటామనీ, షూటింగుకి టైము చాలదనీ సర్దిచెప్పారు. మళ్ళీ అదే, కాలం. ఈ మాట చెబితే మా కోడలు, "తెలుసు మావయ్యగారూ, నేను సింకులు చూడ్డానికే చూస్తాను" అంది.

'స్టోరేజ్ వార్స్' ఇంకో రకం. అద్దె కట్టని గోదాముల్ని వేలం వేస్తారు. పాడుకున్నవాడికి లోపల చెత్త దొరకొచ్చు, నిధీ దొరకొచ్చు. అందులో ఒక వేలం పాటదారు డేవ్ హెస్టర్ 2012 చివర్లో కోర్టుకెక్కాడు. గోదాముల్లో విలువైన వస్తువుల్ని నిర్మాతలే ముందుగా పెట్టిస్తున్నారనీ, ఒకచోట చెత్త కింద ఏకంగా కారే పెట్టారనీ అతని ఆరోపణ. నిర్మాతల పక్షం ఏమందో తెలుసా? మా షో భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుంది అంది. 2013లో జడ్జి ఆ వాదనతో దావాలో ఒక భాగాన్ని కొట్టేశారు కూడా. చివరికి రాజీ కుదిరింది, హెస్టర్ మళ్ళీ అదే షోకి వచ్చి వేలం పాడాడు. దీనిముందు మన సివిల్ కేసులు ఏపాటి!

అయితే అమెరికాలో టీవీ బూటకాన్ని నిషేధించిన చట్టం అసలే లేదనుకోకండి. 1956లో 'ట్వెంటీ వన్' అనే క్విజ్ షోలో హెర్బర్ట్ స్టెంపెల్ అనే ఆయన వరసగా గెలుస్తూ వచ్చాడు. జనానికి మొహం మొత్తింది, నిర్మాతలు ఓడిపొమ్మన్నారు. 1955కి ఆస్కార్ ఉత్తమ చిత్రమేదన్న ప్రశ్నకి జవాబు 'మార్టీ' అని ఆయనకి నిక్షేపంలా తెలుసు, తనకిష్టమైన సినిమా కూడాను. తెలిసీ తప్పు చెప్పాల్సొచ్చింది. అతన్ని 'ఓడించిన' చార్లెస్ వాన్ డోరెన్ దేశానికి ముద్దుబిడ్డ అయ్యాడు. 1959లో ఆయనే కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, సమాధానాలు నాకు ముందే ఇచ్చేవారని ఒప్పుకున్నాడు. 1960లో చట్టం వచ్చింది. అది వర్తించేది విజ్ఞానం, అదృష్టం లాంటివాటి మీద నడిచే పోటీలకి. తుపాకి బేరానికీ, వంటింటి సింకుకీ, గోదాములో కారుకీ అది పెద్దగా అడ్డు రాదు.

నేను ఇంత పరిశోధన చేసి చెబితే మా ఆవిడ పెదవి విరిచింది. ఆవిడ బిగ్‌బాస్ పక్షం. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆ ఆట 2017లో జూనియర్ ఎన్టీఆర్ చేతులమీదుగా తెలుగులోకి వచ్చింది. అప్పట్నుంచీ మా ఇంట్లో సీజన్లు రెండే: బిగ్‌బాస్ ఉన్న కాలం, లేని కాలం.

"ఇరవైనాలుగు గంటలు కెమెరాలు పెట్టి, రాత్రికి గంటే చూపిస్తున్నారే! మిగతా ఇరవైమూడు గంటలూ ఏమయ్యాయి?" అన్నాను.

"మిగతాదంతా వాళ్ళు నిద్రపోయారండీ. మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉన్నాను కదా, మళ్ళీ టీవీలో కూడానా?"

"ఎవరికెన్ని ఓట్లో వారం వారం లెక్క చూపించరు. అది నీకు అనుమానంగా లేదూ?"

"మీకు ఆట తెలీదు. వాడు నిజంగా ఏడ్చాడా, కెమెరా కోసం ఏడ్చాడా అని మేము తేల్చాలి. మొత్తం నిజమే అయితే ఇంక చూడ్డానికి ఏముంది? పక్కింటికి వెళ్ళి కూర్చుంటే చాలు."

ముప్ఫై ఎపిసోడ్లు చూసినా నాకు తట్టని సంగతిని ఆవిడ పోపు వేస్తూ చెప్పేసింది. ప్రేక్షకులు మోసపోవడం లేదు. అబద్ధాన్ని పట్టుకోవడమే వాళ్ళ వినోదం. బిగ్‌బాస్ ఇంట్లో అబద్ధమాడితే పోయేది ఎలిమినేషన్ వరకే కాబట్టి, ఆ వినోదంతో ఎవరికీ పేచీ లేదు.

తుపాకి దగ్గర మాత్రం నా పేచీ మిగిలే ఉంది. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ బడిలో ఒక దుండగుడు ఇరవైమంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని కాల్చి చంపాడు. ఆ వెంటనే 'అమెరికన్ గన్స్' ఇక కొనసాగదని డిస్కవరీ ప్రకటించింది. ఢాంఢాం అని కాల్చి కౌగలించుకోవడం ఆ వారంలో ఎవరికీ వినోదంగా తోచలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కెమెరాలు వెళ్ళిపోయిన చాలాకాలానికి, 2017లో, ఆ షో నాయకుడైన దుకాణదారుడి మీద డెన్వర్ ఫెడరల్ కోర్టులో విచారణ జరిగింది. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చేశాడనీ, ఆదాయపు పన్ను వ్యవహారాల్లో తప్పులు చేశాడనీ జ్యూరీ దోషిగా తేల్చింది. మరుసటి ఏడాది ఆరున్నరేళ్ళ జైలు శిక్ష పడింది.

లైసెన్సు, పన్ను. రెండూ కాగితాలే. షోలో ఏ కౌంటరు మీద పెన్ను లేదని నేను గోల పెట్టానో, ఆ కౌంటరే!

నా తీర్పు ఇది. రియాలిటీ షోలు హాయిగా చూడండి, ఏడుపులు అసలువో నకిలీవో పందేలు కాసుకోండి, సింకులు నచ్చితే కొలతలు రాసుకోండి. కానీ ఇల్లు గానీ, పొలం గానీ, ఖర్మకాలి తుపాకి గానీ కొనాల్సొస్తే, టీవీ చూపించకుండా దాటవేసిన ఆ నెలల్ని మీరు దాటవేయకండి. ప్రతి పేజీ చదివి, ఆ తరవాతే సంతకం పెట్టండి.