సాంధివిగ్రహి పేరయ్య

పూర్వం రాజుల కొలువులో సాంధివిగ్రహికుడని ఒక ఉద్యోగి ఉండేవాడు. పక్క రాజ్యంతో ఎప్పుడు కలవాలో, ఎప్పుడు కలబడాలో చూసుకోవడం ఆయన పని. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, ఆ ఉద్యోగం మాత్రం రద్దు కాలేదు. కృష్ణా డెల్టాలో దాన్ని ఇప్పుడు పెళ్ళిళ్ళ పేరయ్య చేస్తున్నాడు.

ఆయన అసలు పేరు ఏదైనా కావచ్చు. గవర్నరుపేటలో ఒకాయన ఉంటాడు, పటమటలో ఒకాయన, గుడివాడ బస్టాండు దగ్గర ఇంకొకాయన. ఎక్కడివాడైనా వేషం ఒక్కటే: ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చంకలో జిప్పు పాడైన సంచీ, అందులో అట్టలు ఊడిన డైరీ, చేతిలో రెండు ఫోన్లు. ఒకటి మగపెళ్ళివారికి, రెండోది ఆడపెళ్ళివారికి. రెండూ ఒకేసారి మోగితే రెండింటికీ, "ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నామండీ" అని ఒకే జవాబు చెబుతాడు. ఆడపిల్ల తండ్రి మొదటి పలకరింపుకే ఆయనకి అన్నయ్యగారవుతాడు, మగపిల్లాడి తండ్రి బావగారవుతాడు. వాళ్ళిద్దరూ వియ్యంకులయ్యే లోపు పేరయ్య ఇద్దరికీ చుట్టమైపోయి ఉంటాడు.

కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' నాటకంలోనే పేరయ్య ఉన్నాడు. అది 1939లో సినిమాగా వచ్చి భానుమతిని తెరకు పరిచయం చేసింది. కట్నాన్ని ఈసడిస్తూ రాసిన నాటకం అది. మన పేరయ్య మాత్రం తన వృత్తికి ఇచ్చిన గౌరవంగానే దాన్ని చెప్పుకుంటాడు.

ఆయన లెక్కలో కుటుంబాలు ఉండవు, రాజ్యాలుంటాయి. ఉయ్యూరు వాళ్ళంటే చెరకు. కైకలూరు వాళ్ళంటే చేపల చెరువులు. నాగాయలంక వాళ్ళంటే రొయ్యలు, నూజివీడు వాళ్ళంటే మామిడితోటలు. సరిహద్దులు కాలవలు: ఇటు బందరు కాలవ, అటు ఏలూరు కాలవ, మధ్యలో రైవస్ కాలవ. బెజవాడ దగ్గర కృష్ణకి 1855లో ఆనకట్ట పూర్తయ్యాకే ఇక్కడి మాగాణికి మహర్దశ పట్టింది. ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పేరయ్య దృష్టిలో ఈ రెండూ కట్టింది వరి కోసం కాదు, సంబంధాల కోసమే. కాలవ ఎగువన ఉన్నవాడికి నీళ్ళు ముందొస్తాయి, శివారువాడికి మిగిలితే వస్తాయి. అందుచేత ఎగువకీ శివారుకీ తరతరాల వైరం. వైరం ఉన్నచోట రాయబారికి పని ఉంటుంది.

చరిత్ర విషయంలో పేరయ్య చెప్పేది చాలావరకు నిజం. ఆయనతో వచ్చిన చిక్కే అది.

"మన దివిసీమే చూడండి బావగారూ" అని మొదలుపెడతాడు. పదమూడో శతాబ్దం తొలి ఏళ్ళలో కాకతీయ గణపతిదేవుడు తీరానికి దిగి దివిని గెలిచాడు. అక్కడ ఏలుతున్నది అయ్య వంశపు పినచోడి. ఓడినవాణ్ణి గణపతిదేవుడు తరిమెయ్యలేదు. అతని కూతుళ్ళు నారాంబనీ పేరాంబనీ పెళ్ళాడాడు. వాళ్ళ తోడబుట్టిన జాయపను వెంట తీసుకెళ్ళి, తర్వాత ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే 1253-54లో సంస్కృతంలో నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని. ఈ బాంధవ్యమంతా గణపేశ్వరం శాసనంలో చెక్కి ఉంది. పేరయ్యకి శాసనంతో పని లేదు, దాని సారం చాలు.

"యుద్ధంలో ఓడిపోయి కూడా కొడుక్కి సర్కారు ఉద్యోగం వేయించుకున్నాడండీ పినచోడి! గెలిచినవాళ్ళకైనా అంత కలిసొచ్చిందా?"

ఇక్కడితో ఆగడు. పుచ్చుకోవడమే కాదు, గణపతిదేవుడు ఇవ్వడమూ ఎరిగినవాడు. తోబుట్టువు మైలాంబ నతవాడి రుద్రుడి ఇల్లాలు. కూతురు గణపాంబ ధరణికోట ఏలిన కోట బేతరాజుకి భార్య. రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చారు. అంటే నందిగామ వైపు నుంచి నిడదవోలు దాకా ఓరుగల్లు వారికి పలకరించడానికి ఒక చుట్టం ఉన్నాడన్నమాట. గణపాంబ భర్త పోయాక ఒంటరిగా రాజ్యం నడిపిందనీ, అతని పుణ్యం కోసం గుడి కట్టించిందనీ యనమదల శాసనం చెబుతుంది. పేరయ్య చెప్పడు. పెళ్ళి తర్వాతి సంగతులు ఆయన శాఖ కిందికి రావు.

ఉదాహరణల వాడకంలో ఆయనది గట్టి చెయ్యి. వేంగి కథ రెండు రకాలుగా ఉంటుంది. రాజేంద్రచోళుడు కూతురు అమ్మంగదేవిని రాజరాజనరేంద్రుడికి ఇచ్చాడు. వాళ్ళ కొడుకు మేనమామ కూతురు మధురాంతకిని చేసుకున్నాడు, 1070లో ఏకంగా చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. మగపెళ్ళివారికి కథ మొత్తం చెప్పి, "ఒక్క సంబంధం, రెండు రాజ్యాలు!" అని వేళ్ళు చూపిస్తాడు. ఆడపెళ్ళివారికి మేనరికం దగ్గరే ఆపేస్తాడు. అల్లుడి కొడుకొచ్చి తమ కుర్చీలో కూర్చుంటాడంటే ఏ మామగారికి నిద్ర పడుతుంది? శ్రీకృష్ణదేవరాయలు కొండపల్లి కోట పట్టి, తర్వాత గజపతి కూతుర్ని పెళ్ళాడిన వైనం మరీ భద్రంగా దాచుకుంటాడు. రాయలకి అప్పటికే రాణులున్నారు కాబట్టి అది రెండో సంబంధాల వాళ్ళకి మాత్రమే.

ఇంత చరిత్ర తెలిసినవాడు వర్తమానం ముందు మాత్రం బోల్తా పడ్డాడు. 2015లో అమరావతి రాజధానికి ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. ఇరవై తొమ్మిది గ్రామాల రైతులు భూసమీకరణలో పొలాలిచ్చారు. జరీబు ఎకరాకి వెయ్యి గజాల నివాస స్థలం, నాలుగువందల యాభై గజాల వాణిజ్య స్థలం అన్నారు. రాత్రికి రాత్రే తుళ్ళూరు, మందడం, వెలగపూడి పెళ్ళికొడుకులు యువరాజులైపోయారు. పేరయ్య డైరీలో కృష్ణకి అవతలి గట్టు పేజీలు చాలక మధ్యలో కాగితాలు అంటించాల్సి వచ్చింది. ధరణికోటకి గణపాంబను ఇచ్చిన గణపతిదేవుడిదీ ఇదే ముందుచూపని ఊరంతా చెప్పాడు. తీరా 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. తాంబూలాలదాకా వచ్చిన సంబంధాల్లో కొన్నింటికి హఠాత్తుగా నాడి కలవలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక అవే జాతకాల్లో నాడి మళ్ళీ కొట్టుకోసాగింది. అంటించిన కాగితాలు పేరయ్య చించలేదు, అది ఆయన అనుభవం.

నాడి అంటే గుర్తొచ్చింది, జోస్యం సంగతి చెప్పాలి. వధూవరుల పొంతనకి ముప్పై ఆరు గుణాలు. సగం, అంటే పద్ధెనిమిది కలిస్తే చాలంటారు. అందులో నాడికే ఎనిమిది. కుజుడు రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాల్లో ఎక్కడున్నా దోషమే. పన్నెండు గదుల్లో ఐదు ఆయనవే అయితే ఊళ్ళో సగం మందికి పెళ్ళిళ్ళు కాకూడదు. అందుకే శాస్త్రం దోషం చెప్పిన చోటే మినహాయింపులూ చెప్పింది. ఇద్దరికీ దోషముంటే ఇద్దరికీ లేనట్టే. పేరయ్యకి వాడుకగా ఒక సిద్ధాంతిగారు ఉన్నారు. మంచివారు, లెక్క తప్పనివారు. ఎకరాలు కుదిరాక జాతకాలు ఆయన దగ్గరికి వెళితే మినహాయింపు దొరుకుతుంది. ఎకరాలు కుదరకముందు వెళితే దోషం దొరుకుతుంది. సంబంధం ఇష్టం లేనివాడు "మీరు మాకు తూగరు" అని మొహం మీద అనలేడు కదా. "జాతకాలు కలవలేదండీ" అంటే ఎవరి పరువూ పోదు. ఎవరి మనసూ నొప్పించకుండా సంబంధం తెంపే సాధనం ఇంతకన్నా మెరుగైంది ఏ రాజ్యం కనిపెట్టిందో మరి!

పేరయ్య దగ్గర పెద్ద జోస్యాలూ ఉన్నాయి. కృష్ణమ్మ పొంగి ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ముక్కుపుడకని తాకుతుందని వీరబ్రహ్మంగారి పేర బెజవాడలో అందరూ చెప్పుకునేదే. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. జనం పడవల్లో బయటపడ్డారు. ఆ తర్వాత పేరయ్య బయోడేటాలో గోత్రం కింద ఒక కొత్త గడి చేరింది: సొంత ఇల్లు ఎన్నో అంతస్తు?

ఇక అమెరికా జాతకం వేరు. అక్కడ గురుబలం చూసేది మార్చిలో జరిగే హెచ్-1బి లాటరీ. ఏడాదికి ఎనభై ఐదు వేల వీసాలే, అడిగేవాళ్ళు లక్షల్లో. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లన్న కబురు వచ్చిన వారం పేరయ్య రెండు ఫోన్లూ ఆగకుండా మోగాయి. మగపెళ్ళివారి ఫోను మోగితే ఎత్తలేదు. ఆడపెళ్ళివారి ఫోను ఎత్తి, "అబ్బాయికి ఆల్రెడీ ఉందండీ, ఇది కొత్తవాళ్ళకే" అని సిద్ధాంతిగారికన్నా గట్టిగా మినహాయింపు చెప్పాడు. ఆ మాటలో తప్పూ లేదు.

కట్నం అన్న మాట ఆయన నోట రాదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, పేరయ్య చట్టాన్ని గౌరవించే పౌరుడు. "మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అంటాడు. ఆ తర్వాత ఇంకొకరెవరో ఏం పెట్టుకున్నారో పది నిమిషాలు వివరిస్తాడు. నవ్వొచ్చేలా చెబుతాడు కాబట్టి వినేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళలో ఎంతమంది ఆ రాత్రి పొలం కాగితాలు బయటికి తీస్తారో డైరీలో రాసుండదు.

సినిమాలు చూస్తే ఆయనకి వృత్తిపరమైన బాధ. 1957 నాటి 'మాయాబజార్'లో బలరాముడి కూతురికీ దుర్యోధనుడి కొడుక్కీ సంబంధం ఎందుకు చెడింది? శకుని వెంట శర్మ, శాస్త్రి అని అల్లు రామలింగయ్య, వంగర ఇద్దరున్నారు గానీ ఇద్దరూ ఒకే పక్షంవాళ్ళు. రెండువైపులా ఉండేవాడు ఒక్కడూ లేడు! 'బాహుబలి' రెండో భాగం మీద ఆయన తీర్పు మరీ కఠినం. శివగామి కొడుక్కి మాట ఇచ్చేసి, కుంతల రాజ్యానికి బంగారం పంపి, పిల్లని పంపమంటుంది. దేవసేనకి ఒళ్ళు మండుతుంది.

"ఏ అబ్బాయికో చెప్పకుండా సంబంధం అడుగుతారుటండీ? మధ్యలో మనబోటివాడు ఒక్కడుంటే ఇంటర్వెల్‌కి ముందే శుభలేఖలు పంచేవాళ్ళం. కట్టప్పకి కత్తి తీసే పనే ఉండేది కాదు!"

ఈ మధ్య పేరయ్యకి పని తగ్గిందనుకుంటే పొరపాటు. మారింది పని తీరు. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నిశ్చయించుకుంటున్నారు. దాన్ని పెద్దలు కుదిర్చిన పెళ్ళిగా మార్చి ఊళ్ళో నిలబెట్టడానికే ఇప్పుడు ఆయన కావాలి. అలాంటి ఒక వ్యవహారంలో బందరు కాలవ ఎగువ రాజ్యానికీ శివారు రాజ్యానికీ తూము దగ్గర మొదలైన తగాదా రెండు తరాలుగా నడుస్తోంది. తాతలు కోర్టుకెక్కారు, తండ్రులు ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళలేదు. మనవడూ మనవరాలూ మాత్రం ఒకే ఆఫీసులో ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతున్నారు. పిల్ల తల్లి రహస్యంగా కబురుపెట్టింది: "అన్నయ్యగారూ, మీరే తెచ్చినట్టుండాలి."

పేరయ్య సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆయన అమ్మాయి జాతకం చూసి వరుడు తూర్పు దిక్కునుంచి వస్తాడనీ, ఇల్లు నీటి ఒడ్డున ఉంటుందనీ సెలవిచ్చారు. కృష్ణా డెల్టాలో నీటి ఒడ్డున లేని ఇల్లు ఏదని అడిగే తెలివి ఆ గదిలో ఎవరికీ రాలేదు, లేదా వచ్చినా ఊరుకున్నారు. వారం తిరిగాక శివారు రాజ్యంలోనూ అదే పొంతన చదివారు, దిక్కు మాత్రం పడమర. ముప్పై ఆరుకి ఇరవై తొమ్మిది గుణాలు. అరిటాకులా బఫేనా అన్నచోట ఒక రాత్రి సంధి బెడిసింది. ఆడపడుచు లాంఛనం దగ్గర ఇంకో రాత్రి. తూము సంగతి ఎవరూ ఎత్తకపోవడమే ఆశ్చర్యం. నిశ్చితార్థం నాడు తండ్రులిద్దరూ పక్కపక్కన కూర్చుని కాలవల శాఖని కలిసి తిట్టుకున్నారు.

పెళ్ళి ఘనంగా జరిగింది. మర్నాడు పేరయ్య కమీషను అడగబోతే, ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం ఎరగని ఆ రెండు రాజ్యాలూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి.

"పిల్లలే చూసుకున్నారు కదయ్యా. మధ్యలో నువ్వు చేసిందేముంది?"

పేరయ్య నొచ్చుకోలేదు. డైరీ మూసి, సంచీలో పెట్టుకుని, కండువా సర్దుకుంటూ లేచాడు.

"నిజమేనండీ బావగారూ, నేను చేసిందేముంది. అన్నట్టు, సిద్ధాంతిగారు మీ ఇద్దరి పిల్లల జాతకాలూ తీరిగ్గా ఇంకొక్కసారి చూస్తానంటున్నారు. ఎక్కడో కుజుడి దగ్గర చిన్న అనుమానమట."

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఎగువ నుంచి సగం, శివారు నుంచి సగం అందాయి.