పూరీకి టీకా ఎప్పుడు?

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి మీద హకీంపేట దాటితే తూంకుంట. ఇక్కడి హోటళ్లలో, రిసార్టుల్లో దిగేవాళ్లు చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్లు కారు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లివారు, తక్కిన రోజుల్లో జీనోమ్ వ్యాలీ కంపెనీల పని మీద వచ్చినవారు, నల్సార్‌లోనో బిట్స్‌లోనో పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు. వీళ్లంతా కలిసేది పొద్దున కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర. ఆ హాల్లో మేనేజరు, ఆడిటరు, పెళ్లిపెద్ద అనే మూడు రకాల మనుషులు తప్పకుండా తగులుతారు. ఏ హోటలైనా వీళ్లే కాబట్టి పేర్లు అక్కర్లేదు. మూతలు తీస్తే ఇడ్లీ, ఉప్మా, బ్రెడ్డు, ఒకే ఒక చట్నీ, కోసి పెట్టిన బొప్పాయి. గొడవకు అంతకన్నా సరుకు అవసరం లేదు.

పెళ్లిపెద్ద: మేనేజర్ సాబ్, ఫోన్ల ఫోటో జూసి పది రూములు తీస్కున్నం. అండ్ల పూరీ ఉన్నది, దోశ పెనం ఉన్నది, పెనం ముంగట తెల్లటోపీ పెట్టుకున్న మనిషి గూడ ఉన్నడు. ఈడ జూస్తే పెనం లేదు, మనిషి లేడు.

మేనేజరు: అది కోవిడ్‌కు ముందు ఫోటో అండీ. తర్వాత మెనూ కొంచెం రేషనలైజ్ చేశాం. అయినా పెద్దాయనా, ఫ్రీగా పెడుతున్నది కదా! పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది.

ఆడిటరు: పుణ్యానికి ఇచ్చి ఉంటే మేమూ పోట్లాడం. ఇది డబ్బిచ్చి కొన్న పుట్టి, కాబట్టి కుంచం చూస్తాం. మీ రిజిస్టరులో నా రూము పక్కన ‘సీపీ’ అని రాసుంది. అంటే బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు. కలపని రేటుకు మీ వ్యాపారంలోనే ‘ఈపీ’ అని ఇంకో గడి ఉంది. ఆ రెండు గడుల మధ్య తేడా ఎంతో, ఈ ఇడ్లీ ధర అంత. మీ రిజిస్టరు మీద నమ్మకం లేకపోతే పన్నుల శాఖను అడగండి. 2012లో సర్వీస్ ట్యాక్స్ మీద వేసిన గైడులో హోటల్ రూమునూ దానితో ఇచ్చే బ్రేక్‌ఫాస్టునూ సహజంగా కలిసి ఉండే సేవలకు ఉదాహరణగా చూపించారు. 2017లో జీఎస్టీ వచ్చాక అదే ఆలోచన కాంపోజిట్ సప్లై పేరుతో కొనసాగింది. రోజుకు 7,500 రూపాయల లోపు రూముల మీద 2025 సెప్టెంబరు 22కు ముందు 12 శాతం, ఆ రోజు నుంచి 5 శాతం పన్ను. రేటులో కలిసిపోయిన మీ ఉప్మాకూ అంతే. గుళ్లో ప్రసాదానికి జీఎస్టీ లేదు. మీ ఉప్మాకు ఉంది. ఈ రెంటిలో ఏది దానమో ఏది అమ్మకమో ప్రభుత్వానికి తేటగా తెలుసు.

పెళ్లిపెద్ద: అంటే ఈ ఉప్మాకు పైసలు నేనే గట్టిన్నా?

ఆడిటరు: పన్ను కూడా కట్టారు.

మేనేజరు: డబ్బు సంగతి పక్కన పెట్టండి సర్. మేం తగ్గించింది మీ ఆరోగ్యం కోసం. కోవిడ్ టైంలో పదిమంది ఒకే గరిటె పట్టుకుంటే ఎలా ఉండేదో గుర్తుందా?

ఆడిటరు: బాగా గుర్తుంది. 2020 జూన్ 8న హోటళ్లు మళ్లీ తెరవడానికి ముందు కేంద్ర ఆరోగ్యశాఖ నియమాలు ఇచ్చింది. రూముకే పంపడం మంచిదంది, బఫే దగ్గర మనిషికీ మనిషికీ దూరం ఉండాలంది. పూరీ వండొద్దని ఎక్కడా అనలేదు. సరే, భయంలో నాలుగు రకాలు ఎక్కువే తగ్గించారనుకుందాం, ఎవరూ తప్పు పట్టలేదు. కానీ 2022 మార్చి 31తో విపత్తు చట్టం కింది ఆంక్షలు ముగిశాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి తీరిందని ప్రకటించింది. మీ గేటు దగ్గర జ్వరం చూసే మనిషి వెళ్లిపోయాడు, శానిటైజర్ సీసా ఎండిపోయింది, కుర్చీల మధ్య దూరం పోయింది. ఆరోగ్యం కోసం వచ్చినవన్నీ పోయాయి, ఆరోగ్యం పేరుతో పోయింది మాత్రం తిరిగి రాలేదు. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి. అక్కడి భారత్ బయోటెక్ వారి కొవాగ్జిన్‌కు 2021 జనవరి 3నే అత్యవసర అనుమతి దొరికింది. మనుషులకు టీకా ఈ రోడ్డు మీదే తయారైంది, పూరీకి ఇంకా రాలేదు కాబోలు! పైగా కోవిడ్ ప్రధానంగా ఊపిరి ద్వారా, గాలి ద్వారా అంటుకునే జబ్బు. శుభ్రతే మీ బాధ అయితే మరిగే నూనెలోంచి అప్పుడే లేచిన పూరీని కాదు, ఎప్పుడో కోసి మూత లేకుండా పెట్టిన ఈ బొప్పాయిని అనుమానించాలి. మీరు తీసేసింది పూరీని, ఉంచింది బొప్పాయిని.

మేనేజరు: ఖర్చులు చూడరేం సర్? గ్యాసు, నూనె, టమాటా! దోశ మాస్టర్ ఎంత అడుగుతున్నాడో తెలుసా?

మేనేజరు ఇందులో అబద్ధమాడటం లేదు, ఆ మాట రాసేవాడు ఒప్పుకోవాలి. 2020లో వంటింటి పనివాళ్లు సొంత రాష్ట్రాలకు నడిచి వెళ్లారు, అందరూ తిరిగి రాలేదు. 2023 జూలైలో టమాటా పేరెత్తితే జనం ఉలిక్కిపడ్డారు. ప్లేటుకు ఇంతకు మించొద్దని యజమాని గీత గీస్తే జీతగాడైన మేనేజరు ఆ గీత లోపల ఎన్ని రకాలు పడితే అన్నే పెడతాడు. అయితే 19 కిలోల వాణిజ్య సిలిండరు ఢిల్లీలో 2022 మేలో 2,355 రూపాయలు దాటింది, 2025 సెప్టెంబరులో 1,580కి దిగింది. అది ఎక్కినప్పుడు ప్లేటులోంచి దిగిపోయిన వడ, అది దిగినప్పుడు ప్లేటులోకి ఎక్కలేదు. ఖర్చే అసలు కారణమైతే రెండు వైపులా పనిచేయాలి కదా. ఆడిటరు అడగబోయేది కూడా అదే, కాకపోతే ఆయన ఇంకో మెట్టు దిగి చూశాడు.

ఆడిటరు: ఖర్చు పెరిగితే రేటు పెంచండి. నేను బుక్ చేసే ముందు చూస్తాను, నచ్చితే వస్తాను, లేకపోతే పక్క హోటలుకు పోతాను. మీరు అలా చేయరు, ఎందుకంటే రేటు ముందే కనిపిస్తుంది. ఏసీ తీసేస్తే ఫోటోలో తెలుస్తుంది, టీవీ తీసేస్తే రాత్రే గొడవవుతుంది. బ్రేక్‌ఫాస్ట్ ఒక్కటే మనిషి డబ్బు కట్టి, పడుకొని, లేచిన తర్వాత కంటపడే సరుకు. అందుకే కత్తెర ముందు దాని మీదే పడుతుంది. మామూలు రోజుల్లో దీనికి ఒక అడ్డు ఉండేది. పూరీ మొదట తీసేసిన హోటలుకు చెడ్డపేరు వచ్చేది, పక్కవాడు బాగుపడేవాడు, అందుకని ఎవరూ మొదట తీసేవారు కాదు. కోవిడ్ ఆ అడ్డు తొలగించింది. అందరూ ఒకేసారి తీశారు, ఎవరికీ చెడ్డపేరు రాలేదు. ఇప్పుడు మొదట తిరిగి పెట్టేవాడికి ఖర్చు, ఊరుకున్నవాడికి లాభం. అమెరికాలో హిల్టన్ వాళ్లు 2021 జూలైలో తమ లాయల్టీ పథకంలోని పైస్థాయి సభ్యులకు అక్కడి చాలా హోటళ్లలో ఉచిత బ్రేక్‌ఫాస్ట్ ఆపేసి, రోజుకింత అని తిండి ఖాతాలో డాలర్లు వేయడం మొదలుపెట్టారు. మొదట కొన్నాళ్లకే అన్నారు, తర్వాత అదే ఖాయమైంది. దాని మీదా అక్కడి సభ్యులు గొణిగారు. అయినా ఒక మేలుంది, ఎంత ఇస్తున్నారో అంకెలో కనిపిస్తుంది.

మేనేజరు: మీరు వృథా గురించి మాట్లాడరు సర్. పన్నెండు రకాలు పెట్టిన రోజుల్లో ప్లేట్లలో ఎంత వదిలేసేవారో నేను చూశాను.

ఆడిటరు: ఇది మీరు చెప్పిన మొదటి గట్టి మాట. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని, అందులో 28 శాతం హోటళ్ల లాంటి చోట్లదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. కానీ వృథా అయ్యేది ముందే వండి మూతల కింద పోసిపెట్టిన తిండి, అడిగినవాడికి అడిగినంత వేసే దోశ కాదు. వృథా తగ్గాలంటే పెనం ఉండాలి, గుట్టగా పోసిన ఉప్మా పోవాలి. మీరు తిప్పి చేశారు.

పెళ్లిపెద్ద: మరి బయట తిందామంటే ఎట్ల? గేటు కాడికే గింత దూరం, ఆ రోడ్డు మీద లారీలు, బస్సులు. టిఫిన్ బండి అవుతల ఉంటది, నడుమ డివైడరు. ముసలోళ్లను, పిల్లలను వెంటబెట్టుకొని ఎవడు దాటాలె?

ఆడిటరు: అందుకే ఇక్కడ ఇంకా ధైర్యం. ఊరి నడుమ హోటలైతే చట్నీ నీళ్లగా ఉంటే జనం సందు చివరి టిఫిన్ సెంటరుకు నడుస్తారు, మేనేజరుకు రెండు రోజుల్లో తెలిసొస్తుంది. ప్రహరీ లోపల ఆకలి పోటీ పెట్టలేదు.

మేనేజరు: అన్ని హోటళ్లనూ ఒకే గాట కట్టకండి సర్. 2023 చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు మేం రాగి ఇడ్లీ పెట్టాం.

ఆడిటరు: పోస్టరు చూశాను. బాగా చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. వాళ్లను గుర్తుపట్టే దారి లేకపోవడమే నా గోడు. రేపటి మెనూ ఈ రోజే బుకింగ్ పేజీలో పెట్టండి, ఫోటో కింద తేదీ వేయండి, సీపీ పక్కనే ఈపీ రేటు చూపించండి. బ్రేక్‌ఫాస్ట్ వద్దన్నవాడికి ఆ తేడా బిల్లులో తగ్గించండి.

మేనేజరు: అలా చేస్తే అందరూ వద్దంటారు సర్!

పెళ్లిపెద్ద: (లేచి నిలబడి) నాకు సమజైంది. మేనేజర్ సాబ్, రేపటికి మా పది రూములకు నాష్తా వద్దు. మా పెళ్లి వంటోళ్లే ఇంత ఉప్మా జేస్తరు. రూముకు ఎంత తగ్గిస్తవో బిల్లు మీద రాయి.

మేనేజరు: (కంప్యూటరు వైపు చూస్తూ) ఎలా తగ్గిస్తాం పెద్దాయనా? అది ఫ్రీ కదా!